మేడమీది మడి

ఊళ్లు మాసిపోయినంత త్వరగా ఊళ్ల పేర్లు మాసిపోవు. హైదరాబాదు నగరమునకు పడమట, నేడు గాజుమేడలు నిలిచియున్న చోట, పేర్లలో ఇంకను పూర్వపు నేలయే మాటలాడుచున్నది. గచ్చిబౌలిలోని 'బౌలి' యనగా దిగుడుబావి. గౌలిదొడ్డి యనగా పాలవాండ్ర పశువులను కట్టిన దొడ్డి. కంచ గచ్చిబౌలిలోని 'కంచ' పశువులు మేయు బీడు. ఇనుపతీగెల కంచె కాదు. ఐనను నేడు అక్కడ పుట్టి పెరుగు బాలునికి ఆ మాట వినగానే తీగెయే తోచును, పచ్చిక తోచదు. దుర్గముచెరువు గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన చెరువని ప్రతీతి. 2020లో దానిమీద తీగెల వంతెన వెలసినది మొదలు అక్కడికి వచ్చువారు దీపములను చూచి పోవుచున్నారు గాని నీటిని చూచువారు తక్కువ. నగరము నడుమ బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి కలవు. 'బాగ్' అనగా తోట. నీరు, మేత, పాలు, పండు—ఒక నగరము బ్రతుకుటకు కావలసినవన్నియు ఇక్కడి పేర్లలో నున్నవి. నేలమీద నున్నవా యనునది వేఱు ప్రశ్న.

ఈ పడమటి దిక్కు చరిత్రలో రెండు తేదీలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూడవలెను. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. తరువాత రెండు నెలల నాలుగు దినములకు, 1999 జనవరి 26న, నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున రైతుబజారులు ఆరంభమైనవి. మొదటిది నగరము చేయు పనిని మార్చినది. రెండవది నగరము తిను కూరగాయల బుట్టను దళారి చేతినుండి తీసి రైతు చేతికే ఇవ్వజూచినది. ఒకే ప్రభుత్వము ఒకే శీతకాలములో చేసిన పనులివి. లోకము మొదటిదానినే జ్ఞాపకముంచుకొన్నది. అది సహజము, మేడ దూరమునుండి కనబడును, బుట్ట కనబడదు. కాని మొదటిది పెరిగిన కొలదియు రెండవదానికి సరుకు తెచ్చు రైతు నానాటికి దూరమగుచు వచ్చినాడన్న సంగతి మాత్రము విద్యార్థులకు చెప్పవలసినది.

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగము నుండి హైదరాబాదు తోటలలో పెరిగి పేరుగాంచిన ద్రాక్ష యొకటి కలదు. దాని పేరు అనాబ్-ఎ-షాహి. నగరము చుట్టును ద్రాక్షపందిళ్లుండిన కాలమును ఎరిగినవారు ఇంకను ఉన్నారు. ఆ పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చినవి. ఇక్కడ ద్రాక్ష పుల్లనగుట జరుగలేదు. నేల మిక్కిలి తియ్యనైనది. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన వేలమున ఒక ఎకరము వెల 100 కోట్ల రూపాయలు దాటినది. ఏటికి నూటికి ఆరు రూపాయల వడ్డీ మాత్రమే లెక్కించినను, ఆ ఎకరము దినమునకు లక్షా అరువది వేల రూపాయలకు పైగా తేవలెను. వంగతోట వేసి అంత తెచ్చు రైతు భూమిమీద పుట్టలేదు, పుట్టబోడు. ఈ లెక్కను ఏడవ తరగతి బాలుడైన చేయగలడు. ఇది యొకసారి చేసినవానికి, మాదాపూరులో కాయగూర లెందుకు పండవని ఇంకొకరు చెప్పనక్కరలేదు. సైబర్ టవర్సుకు సమీపముననే, 1992లో స్థాపింపబడిన శిల్పారామములో, పల్లెజీవనమును బొమ్మలతో చూపు గ్రామీణ ప్రదర్శనశాల కలదు. చక్కని ప్రదర్శనశాలయే. కాని తన చుట్టునున్న పల్లెలు తగ్గుచుండగా తాను నిలిచియున్న పల్లెబొమ్మ, చూచువానిని కొంచెము తొందరపెట్టకపోదు.

నేల దొరకనప్పుడు మొక్క మేడ యెక్కినది. దానికి తెలుగువారు పెట్టుకొన్న పేరు మిద్దెతోట. ఎంత సొంపైన మాట! దీనికి పేరు తెచ్చినవారిలో కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. నగరమునకు తూర్పున నారపల్లిలో తమ యింటి కప్పుమీద కూరలు, కాయలు, పండ్లు పండించి, ఆ యనుభవమును పుస్తకముగా వ్రాసినారు. కథ వ్రాయు చేయి మట్టి పిసుకుట ఈ భాషకు క్రొత్త కాదు గదా. ఉద్యానశాఖ కూడ సగము ధరకు సిల్పాలిన్ సంచులు, ఎఱ్ఱమన్ను, వానపాముల ఎరువు, వేపపిండి, విత్తనములు, పనిముట్లు కూర్చి నగరవాసుల కిచ్చిన పథకము నొకదానిని నడపినది. ఐ.టి. ఉద్యోగులు వారము చివర రెండు దినములు చేతులకు మట్టి అంటించుకొనుచున్నారు. ఇదంతయు సంతోషింపదగినదే.

అయితే సంతోషము లెక్కను ఆపరాదు. ఈ తోటలను గూర్చి మాటలాడువారు 'సుస్థిరము' అను మాటను మిక్కిలి వాడుచున్నారు. సుస్థిరమనగా ఏమి? రసాయనపు మందు చల్లకుండుట మాత్రమే యని చాలమంది భావము. అది చాలదు. ఒక మేడమీద పాలకూర మడిని చూడుడు. అందులోని ఎఱ్ఱమన్ను ఏదో చేనినుండియో చెరువునుండియో త్రవ్వి లారీలో తెచ్చినది. కొబ్బరిపొట్టు సముద్రతీరపు జిల్లాలలోనుండి వచ్చినది. ఎరువు సంచులలో కొన్నది. వేసవిలో నీరు ట్యాంకరులో వచ్చినది. ఆ ట్యాంకరు ఏదో శివారు పల్లెలోని బోరుబావి నుండి నింపుకొని వచ్చినది. ఆ బోరుబావి ప్రక్కన ఒక రైతు కూరగాయల మడి ఎండియుండవచ్చును. అక్కడ ఎండిన నీటితో ఇక్కడ పచ్చగానున్న పాలకూరను సుస్థిరమనుట భాషకు అపచారము. పేరు సేంద్రియము, నడక అరువు. తోటను చూడబోయినవాడు మొదట 'ఎంత కాసినది?' అని గాక 'ఇది యెక్కడినుండి వచ్చినది?' అని అడుగవలెను. మన్ను, ఎరువు, నీరు—ఈ మూడింటికిని 'ఇక్కడినుండియే' అని ఉత్తరము వచ్చిన తోటయే ఆ బిరుదునకు తగినది.

ఉత్తరము అట్లు రాగలదా? రాగలదు. నీటితో మొదలుపెట్టవలెను. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపుమీటరు మీద పడిన ఒక లీటరు నీరగును. కనుక 100 చదరపుమీటర్ల కప్పు మీద ఏటికి 80,000 లీటర్లు పడుచున్నవి. ఎగిరిపోవునది, జారిపోవునది తీసివేసినను అరువదివేలకు తక్కువ కాదు. ఇరువది చదరపుమీటర్ల మడులకు దినమునకు మీటరు ఒక్కింటికి ఐదు లీటర్లు పోసినను ఏటికి 36,500 లీటర్లు చాలును. అనగా మేడకు ఆకాశము పంపుచున్న నీటిలో సగము చిల్లర మాత్రమే మేడమీది మడికి కావలెను. చిక్కు నీటి కొరతలో లేదు, నీటి తిథిలో నున్నది. వాన జూన్ నుండి అక్టోబరు వరకు కురియును. మడి దాహము ఏప్రిల్, మే నెలలలో పెరుగును. ఆ రెండు నెలల కొరకు నీటిని దాచు తొట్టి కట్టుట ఖర్చుతో కూడిన పని. ఈ చిక్కునకు ఇంకొక దారి కలదు. దానిని గూర్చి తరువాత.

ఎరువు సంగతి ఇంతకంటె సులభము, ఇంతకంటె సిగ్గుచేటు. నగరపు చెత్తలో సగమునకు తక్కువ కాకుండ తడిచెత్తయే: కాయగూరల తొక్కలు, మిగిలిన అన్నము, రాలిన పూవులు. పడమటి కొసనున్న మేడలలో తరిగిన సొరకాయ తొక్క నగరమంతయు దాటి ఈశాన్యపు కొసనున్న జవాహర్‌నగర్ చెత్తదిబ్బకు ప్రయాణము చేయుచున్నది. అదే మేడమీదికి ఎరువు సంచి కొనితేబడుచున్నది. క్రిందికి దిగు చెత్తకును పైకెక్కు ఎరువుకును లిఫ్టులోనే ఎదురుపాటు; ఒకదానినొకటి గుర్తుపట్టవు! 2016లో వచ్చిన ఘనవ్యర్థముల నియమములు 5,000 చదరపుమీటర్లు మించిన గృహసముదాయములు తడిచెత్తను సాధ్యమైనంత వరకు తమ ఆవరణలోనే కుళ్లబెట్టి వాడుకొనవలెనని చెప్పినవి. నియమము పుట్టి ఇన్నేండ్లయినను చాలచోట్ల అది నోటీసుబోర్డు దాటి రాలేదు. పని మాత్రము కష్టమైనది కాదు. ఒక పాలు తడిచెత్తకు రెండు మూడు పాళ్లు ఎండుటాకులు చేర్చి, వారమునకొకసారి త్రిప్పి, పిడికిట పిండిన చెమ్మ తెలియునంత తడి నుంచిన, రెండు మూడు నెలలలో అడవిమట్టి వాసనగల ఎరువు తయారగును. సరిగా పేర్చిన కుప్ప నడిభాగమున మొదటి వారములలో వేడి 55, 60 డిగ్రీలకు పెరుగును. ఒక ఉష్ణమాపకమును గ్రుచ్చి దినదినము అంకెలు వ్రాసికొను బాలునికి, కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉన్నవని ఇంకొకరు నమ్మబలుకనక్కరలేదు. ఎండుటాకులు ఎక్కడివి అందురా? గచ్చిబౌలి వీధులలో ప్రతి ఉదయము చీపురులతో కుప్పలుచేసి తగులబెట్టునవి అవియే.

ఇక దిగుబడి. ఇక్కడ చాలమంది ఉత్సాహము వలన అబద్ధమాడుదురు. హైదరాబాదులోనే యున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో మనిషికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెనని చెప్పినది. నలుగురున్న ఇంటికి ఏటికి 584 కిలోలు. చదరపుమీటరుకు ఏటికి పది కిలోలు వచ్చునని ఉదారముగా పట్టుకొన్నను, ఇరువది చదరపుమీటర్ల మడులు 200 కిలోలు ఇచ్చును. అనగా అవసరములో మూడవ వంతు. అదియు సొంత డాబా గలవాని సంగతి. ఈ ప్రాంతమున ఇండ్లు ముప్పది అంతస్తులుగా నిలిచియున్నవి. అంతస్తునకు నాలుగు ఇండ్ల చొప్పున 120 కుటుంబములకు నాలుగిండ్లంత కప్పు. అందులో నీటితొట్లు, లిఫ్టు గది, సౌరఫలకములు పోగా మిగులునది కుటుంబమునకు ఒక చాప వెడల్పు. మఱి బరువు? ఒక అడుగు లోతున తడిసిన మన్ను చదరపుమీటరుకు ఐదు వందల కిలోలు తూగును. మనుష్యులు తిరుగుటకు కట్టిన సామాన్యపు కప్పునకు భారతీయ ప్రమాణము చెప్పు అదనపు బరువు 150 కిలోలు. కనుకనే తేలిక ఎరువు కలిపిన మిశ్రమము, దూలముల వెంబడి, గోడల వెంబడి మడులు. ఇంజనీరులతో నిండిన ఈ మేడలలో సయితము, కప్పు కారిన తరువాతనే బరువు లెక్క చేయువారుండుట విచిత్రము.

ఈ లెక్కల వలన తేలునది మిద్దెతోట వృథా యని కాదు. ఒంటరి మిద్దెతోట ఇక్కడ సాధ్యము కాదని. ఇది డాబాయిండ్ల కాలపు పని. మేడల నగరములో ఇది ఉమ్మడి పనిగా మారిననే నిలుచును. గృహసముదాయములలో నున్న గడ్డిమైదానములు చాల నీటిని త్రాగి, ఏమియు కాయక, పిల్లలు కాలు పెట్టిన కాపలావానిచే కేకలు వేయించుచున్నవి. వానిలో నాల్గవవంతును కూరమడులు చేసిన మేడ యెక్కవలసిన పనియే లేదు. కాని ఉమ్మడి అనగానే తగవు మొదలగును. బెండకాయ ఎవరు కోసినారు? సెలవులకు ఊరు పోయినప్పుడు నీరెవరు పోసినారు? కోయువారు పదిమంది, కలుపు తీయువారు ఇద్దరు. ఈ తగవులు చిన్నవని నవ్వరాదు; ప్రపంచమున ఉమ్మడి తోటలు పురుగువలన చెడినవానికంటె ఇట్టి తగవులవలన చెడినవే ఎక్కువయని చెప్పిన తప్పు కాదు.

పరదేశముల చరిత్ర దీనికి సాక్ష్యము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో రెండు కోట్ల వరకు 'విజయవనములు' లేచి, ఆ దేశపు తాజా కూరగాయలలో నూటికి నలుబది పాళ్లవరకు పండించినవని అంచనా. యుద్ధము ముగిసినది, వనములును ముగిసినవి. ఉత్సాహము వానికి ఎరువు, ఉత్సాహము తరుగగానే అవి ఎండినవి. క్యూబా రాజధాని హవానాలో సంగతి వేఱు. 1991లో సోవియట్ రాజ్యము కూలి, చమురు, ఎరువులు రాకపోగా, నగరములోని ఖాళీజాగాలను సాగుచేసికొను హక్కును ప్రభుత్వము ప్రజలకిచ్చినది. మట్టి పనికిరానిచోట గట్లు కట్టి కంపోస్టు నింపి మడులు చేసినారు. అక్కడ తోట కొందరికి జీవనోపాధి అయినది, జాగాపై హక్కు అయినది. కనుక ఆ తరువాత దశాబ్దములపాటు నిలిచినది. అభిరుచిగా పుట్టినది అలవాటుగా మారవలెనన్న, ఎవరో ఒకరికి అది బాధ్యతగాను, అంతకంటె ముఖ్యముగా, లాభముగాను ఉండవలెను.

ఆ ఎవరో సైబరాబాదు మేడలలోనే కలరు. వారిని ఎవరును అడుగలేదు, అంతే. ఆ మేడలలో తోటపని చేయువారు, గిన్నెలు తోమువారు, గేటువద్ద కూర్చుండువారు పలువురు పల్లెలనుండి వచ్చినవారు. గడ్డిమైదానములో కలుపుగా పీకి పారవేయుచున్న గంగవాయిలిని చూచి, ఇది పప్పులో వేసికొను కూర గదా యని నిట్టూర్చునది వారే. పుంటికూర అనినను గోంగూర అనినను ఒకటేయని, పొన్నగంటి తడిచోట తనంత తాను వచ్చునని, చిక్కుడు చలికి కాయునని వారికి తెలియును. కంప్యూటరు చూచి మొక్కలు పెంచు యజమానికి తెలియనిది వారి చేతివ్రేళ్లకు తెలియును. ఉమ్మడి మడిలో వారిని కూలివారుగా గాక పాలివారుగా, అనగా పంటలో పాలుగలవారుగా చేర్చుకొన్న నాడు, నీరెవరు పోయుదురన్న తగవు సగము తీరును. ఇది దయకు సంబంధించిన మాట కాదు, వ్యవసాయమునకు సంబంధించిన మాట.

ఇంకొక హెచ్చరిక. మిద్దెతోట ఎంత గొప్పదైనను, నేలపోయిన పాపమునకు ప్రాయశ్చిత్తము కాదు. 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగరముల పరీవాహక ప్రాంతమున 84 గ్రామములలో కట్టడములకు హద్దులు పెట్టినది. 2022లో ఆ హద్దులను తీసివేయుచు ఇంకొక ఉత్తర్వు వచ్చినది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములమీద చెట్లు నరుకుట మొదలుకాగా, విద్యార్థులు అడ్డుపడినారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపివేసినది. ఇట్టి సమయములలో 'మేడలమీద పచ్చదనము పెంచుచున్నాము గదా' యను సమాధానము వినవచ్చుట కద్దు. అది సమాధానము కాదు. నూరు మేడలమీది మడులన్నియు చేర్చినను ఒక చెరువు క్రింది ఆయకట్టునకు సాటిరావు. మేడమీది మడి చేయగల పని ఒకటే: నేల విలువ మరచిన కంటికి దానిని మరల చూపుట. ఆ పని చేయవలసినచోటు మేడకంటె బడి.

బడితోటలు క్రొత్త ఊహ కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ పనిద్వారా చదువును గూర్చి చెప్పినప్పటి నుండియు ఉన్నది. 2019లో కేంద్రవిద్యాశాఖ బడులలో పోషకాహార తోటలు పెంచవలెనని మార్గదర్శకములను వెలువరించి, మధ్యాహ్న భోజనమునకు ఆ కూరలను వాడుమన్నది. నేలలేని బడులలో కుండీలలోనైన పెంచుమన్నది. శేరిలింగంపల్లి మండలములో గాజుమేడల నడుమ ప్రభుత్వ పాఠశాలలున్నవి. వానిలో కొన్నింటికి గజమైన ఖాళీస్థలము లేదు. కప్పు మాత్రము కలదు. ఆ కప్పుమీది పది మడులు మధ్యాహ్నభోజనపు కుండను నింపలేవు, వారమునకొక పూట పప్పులో ఆకుకూర వేయగలవు. అంతకంటె ఎక్కువ చెప్పినవారు ఉపాధ్యాయుని మోసగించుచున్నారు. ఐనను ఆ పది మడులు నేర్పు పాఠమును ఏ పుస్తకమును నేర్పజాలదు.

బీరతీగెను తీసికొనుడు. దానికి మగపూవు వేఱు, ఆడుపూవు వేఱు. ఆడుపూవు క్రింద చిటికెనవ్రేలంత పిందె పూవుకు ముందే యుండును. మగపూవునకు కాడ మాత్రమే. పుప్పొడి చేరని పిందె పసుపుబారి రాలిపోవును. మేడమీద తేనెటీగలు తక్కువ కనుక, 'పూవులెన్ని పూచినను కాయ నిలువలేదు' అని మిద్దెతోటలవారు మొరపెట్టుకొనుచుందురు. మందు కొట్టుదురు, ఎరువు పోయుదురు. లోపము మందుది కాదు. మగపూవును కోసి ఆడుపూవులో అద్దిన చాలును. ఎప్పుడు అద్దవలెను? ఇక్కడనే చాలమంది తప్పుదురు. ఉదయము పోయి చూచినవానికి బీరపూవు వాడి కనబడును. బీరయు సొరయు సాయంకాలమున పూయును. రాత్రి తిరుగు రెక్కల పురుగుల కొరకు చీకటిపడు వేళ విచ్చుకొనును. అదే కుటుంబములోని నేతిబీర ఉదయము పూయును. ఈ భేదమును ఒక బాలిక తన కన్నులతో కనిపెట్టి, తరగతిలో లేచి చెప్పిన దినమున, ఆ ఉపాధ్యాయుడు వృక్షశాస్త్రమున ఒక సంవత్సరపు పాఠమును ముగించినట్లే. సాయంకాలము ఇల్లు చేరు ఐ.టి. ఉద్యోగికి కూడ ఈ పూవు అనుకూలమైనదని వేళాకోళముగా చెప్పవచ్చును గాని, వారు ఇల్లు చేరునప్పటికి అదియు ముడుచుకొను ప్రమాదము కలదు.

బడితోటకు అందరు చూపు అడ్డంకి వేసవి సెలవులు. ఏప్రిల్ చివరివారమున తలుపులు మూయుదురు. నీరు పోయువారు లేక మొక్కలు మాడును. జూన్‌లో ఎండుకట్టెలు మిగులును. కనుక బడితోట వ్యర్థమని తీర్పు. ఈ తీర్పు తలక్రిందులు. తెలంగాణములో బడులు సాధారణముగ జూన్ 12న తెరచుచున్నారు. అంతకు నాలుగైదు దినముల ముందే మృగశిర కార్తె ప్రవేశించును. తొలకరి విత్తు వేయు రైతు పంచాంగమును, బడి తెరచు అధికారి పంచాంగమును ఒకటే యగుట యాదృచ్ఛికము కావచ్చును, కాని ఎంత మేలైన యాదృచ్ఛికము! తొలివానకు విత్తిన తోటకూర నెలలోపల కోతకు వచ్చును. బెండ, బీర ఆగస్టులో కాయును. టమాటా, మెంతి, కొత్తిమీర చలికాలపు నేస్తములు. వానకాలమున విత్తిన చిక్కుడు సంక్రాంతికి విరగగాయును. మార్చి పరీక్షలతో తోటయు ముగియును. అప్పుడు మడిమీద ఎండుటాకులు దళముగా పరచి దానికిని సెలవులియ్యవలెను. మేడమీది నీటిచిక్కునకు తరువాత చెప్పబడునన్న దారి ఇదియే. వేసవిలో కూరమడిని పచ్చగా నుంచవలెనన్న పట్టుదలయే ట్యాంకరును పిలుచుచున్నది. 2024 వేసవిలో బోరుబావులెండి ఈ పడమటి గృహసముదాయములు ట్యాంకరుల దారి కాచినవి. అట్టి నెలలలో కాకరపాదును బ్రతికించుటకు నీరు కొనువాడు తోటమాలి కాడు, దుబారాదారు. దక్కనుపీఠభూమిలో మెట్టనేల వేసవిలో పడుకొనును. పడుకొన్న నేల చచ్చిన నేల కాదు.

మఱి వేసవిలో కూర? ఆ ప్రశ్నకు తెలంగాణపు ఇల్లాండ్రు ఏనాడో ఉత్తరము చెప్పియున్నారు: ఒరుగులు. చలికాలమున విరివిగా వచ్చిన వంకాయను, టమాటాను, గోరుచిక్కుడును కోసి, ఉప్పు తగిలించి, ఎండబెట్టి, కుండలో దాచి, వైశాఖమున పులుసు కాచుకొన్నారు. ఏ ఋతువున ఏది తినవలెనన్నది ఈ భాషలో కావ్యములకు కూడ ఎక్కిన విషయము. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వంటకములు మార్చి వడ్డించును. ఏడాది పొడవున ఒకేరకపు టమాటా కావలెనను కోరిక శీతలగిడ్డంగుల నాటి కోరిక. ఎండబెట్టుటకు మేడకంటె మంచి చోటు లేదు. మేడమీద వేసవిలో పండించుట నీటికి విరుద్ధము. ఎండబెట్టుట ఎండకు అనుకూలము.

చివరకు విత్తనము. ప్రతియేడును పొట్లము కొను తోట ఇంకను అరువుతోటయే. సంకరజాతి గింజలు రెండవయేట తల్లిని పోలవు గనుక, నాటురకపు బీరగింజనే ఎంచుకొనవలెను. ఒక కాయను కోయక తీగెకే వదలివేసిన అది ముదిరి, గోధుమరంగుకు తిరిగి, పొరలెండి, లోపల పీచు మాత్రము మిగులును. దానిని తరగతిగది కిటికీకి దారముతో వ్రేలాడగట్టవచ్చును. గాలి తగిలినప్పుడెల్ల లోపల నల్లని గింజలు గలగలలాడుచుండును. సెలవులలో బడి మూసియున్నను దానికి నీరు పోయనక్కరలేదు. జూన్‌లో తలుపులు తీసిన తరువాత, దాని కొనమూతిని విరిచి తలక్రిందుగా పట్టుకొన్న గింజలు అరచేతిలోనికి అవియే రాలును.